తెల్ల మార్బుల్‌లా ఎపాక్సీ టేబుల్: చారలు పాకిపోకుండా, పైపొర అతుక్కోకుండా

మీరు అడిగింది ఇదీ. ఇల్లు కాకినాడలో. డైనింగ్ టేబుల్ 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 19 మి.మీ. ప్లైవుడ్, పైన పాత సన్‌మైకా. దాన్ని ఎపాక్సీతో (రెసిన్, హార్డ్‌నర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) తెల్ల ఇటాలియన్ మార్బుల్‌లా చేయాలి. ముందు అడుగు చదరం ప్లైవుడ్ ముక్క మీద చేసి చూస్తే బూడిద రంగు చారలు పాకిపోయి మరకల్లా అయ్యాయి. రెండు చోట్ల మూడు రోజులైనా వేలికి అంటుకుంటోంది, మిగతాదంతా గోరు దిగేంత మెత్తగా ఉంది. పైన నూనె రాసినట్టు తెల్లటి పొర, అక్కడక్కడ సూదితో గుచ్చినట్టు చిల్లులు. ఈసారి హార్డ్‌నర్ ఎక్కువ వేయాలా, టేబుల్‌కి మొత్తం ఎంత మెటీరియల్ కావాలి అన్నది ప్రశ్న.

హార్డ్‌నర్ ఎక్కువ వేయకండి. మీ ముక్క మెత్తబడిందే దానివల్ల. మీ డబ్బా మీద 2:1 అని ఉంది, మీరు వంటింటి తూకం మీద 100 గ్రాముల రెసిన్‌కి 50 గ్రాముల హార్డ్‌నర్ తూచారు. చాలా కోటింగ్ రెసిన్ల మీద ఉండే 2:1 కొలగ్లాసు లెక్క, తూకం లెక్క కాదు. రెసిన్ మిల్లీలీటరుకు సుమారు 1.15 గ్రాములు తూగుతుంది, హార్డ్‌నర్ ఒక గ్రాముకి కాస్త తక్కువే. అంటే కొలగ్లాసులో 2:1 అయినది తూకంలో దాదాపు 100కి 42 అవుతుంది. మీరు 50 వేశారు కాబట్టి హార్డ్‌నర్ దాదాపు ఐదో వంతు ఎక్కువ పడింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో తూకం నిష్పత్తి విడిగా రాసి ఉండవచ్చు, ఉంటే తూకమే మంచిది. లేకపోతే గీతలున్న కొలమగ్గు వాడండి. రెండు పద్ధతుల్నీ కలపకండి.

ఫైబర్ పనిలో వాడే పాలిస్టర్ రెసిన్‌కి గట్టిపడే మందు నాలుగు చుక్కలు ఎక్కువైతే తొందరగా గట్టిపడుతుంది. ఎపాక్సీ అలా కాదు. ఇక్కడ హార్డ్‌నర్ తొందరపెట్టే మందు కాదు, అది సరుకులో భాగమే. రెసిన్‌లోని ప్రతి అణువుకీ హార్డ్‌నర్‌లో జోడీ కావాలి. ఏది మిగిలిపోయినా ఆ మిగిలినది లోపల ద్రవంగానే ఉండి మొత్తాన్ని మెత్తగా ఉంచుతుంది. ఎండలో పెట్టినా, నెల రోజులు ఆగినా అది బాగుపడదు.

రెండు చోట్ల అంటుకోవడం వేరే తప్పు. అది కలిపిన డబ్బా గోడలకు, అడుగుకు పట్టి సరిగ్గా కలవని రెసిన్. పోశాక చివర్లో గరిటెతో గీకి కూడా వేశారు కదా, ఆ గీకినది పడ్డ చోటే జిగట మిగిలింది. దీనికి రెండు డబ్బాల పద్ధతి ఉంది. మొదటి డబ్బాలో మూడు నిమిషాలు, గోడలు అడుగు గీకుతూ నెమ్మదిగా కలపాలి. తర్వాత దాన్ని శుభ్రమైన రెండో డబ్బాలోకి ఒంపి, కొత్త పుల్లతో ఇంకో రెండు నిమిషాలు కలపాలి. మొదటి డబ్బాని ఎంత బాధనిపించినా గీకి టేబుల్ మీద వేయకూడదు. అది వృథాకని ముందే కలుపుకునే అదనంలో పోయే సరుకే. ఐస్‌క్రీం డబ్బాల్లాంటి మెత్తటి ప్లాస్టిక్‌కి ఎపాక్సీ అంటదు, గట్టిపడ్డాక వంచితే పెచ్చులా ఊడిపోతుంది.

పైన నూనెలాంటి తెల్లపొర సముద్రం పక్క ఊళ్ళలో మామూలే. హార్డ్‌నర్‌లోని అమీన్ అనే రసాయనం, గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన మైనంలా పేరుకుంటుంది. హార్డ్‌నర్ ఎక్కువైతే ఇది రెట్టింపు కనిపిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖలో వానాకాలం రాత్రి గాలిలో తేమ 80% దాటుతుంది. కోటింగ్ పని 70% లోపు చేసుకోవాలి. ఏసీ ఉన్న గదిలో టేబుల్ పెట్టి, 26 డిగ్రీల దగ్గర తలుపులు మూసి, పని మొదలుపెట్టే ముందు రెండు గంటలు నడిపితే తేమ దిగుతుంది. ఏసీ గాలి నేరుగా టేబుల్ మీద పడకూడదు, పడితే పైన అలలు లేస్తాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ మార్కెట్లో తక్కువకే దొరుకుతుంది, గోడకు కాకుండా టేబుల్ పక్కనే పెట్టుకోండి.

చిల్లులకు కారణం పైన పూతేమీ లేని ప్లైవుడ్. చెక్క లోపల గాలి ఉంటుంది. ఉదయం పోస్తే, ఎండెక్కే కొద్దీ చెక్క వేడెక్కి ఆ గాలి వ్యాకోచించి రెసిన్‌లోంచి బుడగలుగా బయటికొస్తుంది. సాయంత్రం పోస్తే చెక్క చల్లబడుతూ గాలిని లోపలికే లాక్కుంటుంది. మీ టేబుల్ మీద సన్‌మైకా ఉంది కాబట్టి పైభాగంలో ఈ బాధ లేదు. అంచుల్లో ప్లై పొరలు బయటికి కనిపిస్తున్న చోటే ఉంటుంది.

ఇక చారల సంగతి. అదే అసలు పని కాబట్టి కింద వివరంగా చెప్తాను. ముందు లెక్క.

పైభాగం 10 చదరపు అడుగులు, అంటే 0.93 చదరపు మీటర్లు. నాలుగు అంచులూ కలిపితే ఇంకో 0.07. మొత్తం సరిగ్గా ఒక చదరపు మీటరు అనుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. మందానికి ఒక లీటరు పడుతుంది. ఈ లెక్క గుర్తుంటే ఏ టేబుల్‌కైనా సరిపోతుంది. మీకు మొదటి పల్చటి పూత పావు లీటరు. తెల్ల పోత 2 మి.మీ. అంటే 2 లీటర్లు, అంచుల నుంచి కారిపోయేది, డబ్బాకు పట్టేది కలిపి 2.25 లీటర్లు. పైన పారదర్శక పోత కూడా 2.25 లీటర్లు. ముందు చేయాల్సిన నమూనా ముక్కకి 200 మిల్లీలీటర్లు. అన్నీ కలిపి దాదాపు 5 లీటర్లు, అంటే రెండు భాగాలూ కలిసిన తూకంలో ఐదున్నర కిలోలు. 6 కిలోల సెట్ తీసుకోండి. కొనేటప్పుడు 'కోటింగ్' లేదా 'టేబుల్ టాప్' రెసిన్ అడగాలి. లోతైన అచ్చుల్లో పోసే 'కాస్టింగ్' రెసిన్ పల్చగా ఉంటుంది, పల్చటి పొరలో వేడి పుట్టక రోజుల తరబడి గట్టిపడదు, అంచుల నుంచి నీళ్ళలా జారిపోతుంది.

రంగులకి ఎపాక్సీ పేస్టులే కావాలి: తెలుపు, నలుపు, గోధుమ. గోడ పెయింట్లలో కలిపే నీళ్ళ ఆధారిత స్టైనర్లు, పిల్లల యాక్రిలిక్ రంగులు వద్దు. వాటిలోని నీరు రెసిన్‌ని పాలలా విరుస్తుంది, మెత్తగా ఉంచుతుంది. తెలుపు తూకంలో 4% చాలు, 6% దాటితే పొర బలహీనపడుతుంది.

సన్‌మైకాని తయారుచేయడం

చాలామంది తొందరపడేది ఇక్కడే. ముందు టేబుల్ అంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి. బోలుగా మోగిన చోట సన్‌మైకా లేచిపోయినట్టు. అక్కడ అంటించకుండా పైన ఎంత అందంగా పోసినా ఆర్నెల్లలో అక్కడే పగులుతుంది. మూలల్లో లేచి ఉంటే జిగురు ఎక్కించి, బరువు పెట్టి ఒక రోజు వదిలేయాలి. పెచ్చు ఊడిన గుంటల్ని ఎం-సీల్‌తో నింపి సమం చేయండి. గోడల లప్పం మాత్రం వాడకండి, అది తేమ పీల్చి పొడిపొడిగా ఊడొస్తుంది.

ఆరేడేళ్ళు భోజనాలు చేసిన టేబుల్ మీద కంటికి కనిపించని నూనె ఉంటుంది. అంట్లు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు 80 నంబరు ఎమరీ పేపర్‌తో, తర్వాత 120తో రుద్దాలి. కడగకుండా రుద్దితే నూనెని గీతల్లోకి ఎక్కించినట్టే. సన్‌మైకా మెరుపు పూర్తిగా పోయి, ఎక్కడ చూసినా మట్టిపలక రంగులా మొద్దుగా కనిపించాలి. దుమ్ము తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తెల్లటి నూలుగుడ్డ తడిపి ఒకే దిశలో తుడవండి. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. తలకి కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి ఒక్కసారి ఆనినా చాలు, మర్నాడు సరిగ్గా ఆ వేళ్ళ ఆకారంలో రెసిన్ పక్కలకి తప్పుకుని, అడుగు కనిపించే గుండ్రటి గుంటలు పడతాయి. చేపకళ్ళు అంటారు వీటిని. పోశాక కనిపిస్తే పైపైన ఇంకొంచెం పోసినా మూసుకోవు. గట్టిపడనిచ్చి, రుద్ది, తుడిచి మళ్ళీ పోయడమే దారి.

టేబుల్‌ని రసమట్టంతో రెండు దిశల్లోనూ సమం చేయండి. నాలుగడుగుల పొడవులో 3 మి.మీ. వాలు ఉన్నా ఒక చివర మందం, ఒక చివర పల్చన అవుతుంది, చారలన్నీ అటే ప్రయాణిస్తాయి. అంచుల కింద, లోపలి వైపు చుట్టూ బ్రౌన్ ప్యాకింగ్ టేప్ వేస్తే కారిన చుక్కలు దానికే గట్టిపడి, టేప్‌తో పాటు ఊడొస్తాయి. నేల మీద పాలిథిన్ షీటు పరవండి, పాత దుప్పటి వద్దు, దాని నూలు లేచి టేబుల్ మీద వాలుతుంది.

మొదటి పల్చటి పూత 160 మిల్లీలీటర్ల రెసిన్, 80 హార్డ్‌నర్. ఇందులో కొంచెం తెలుపు కలిపి, స్పాంజి రోలర్‌తో పైభాగానికి, బ్రష్‌తో ప్లై అంచులకి రెండుసార్లు పట్టించండి. ఇది పాత డిజైన్‌ని కప్పుతుంది, అంచుల్లో గాలిని మూస్తుంది. 26 డిగ్రీల్లో నాలుగైదు గంటలకు, గ్లౌజ్ వేలు ఆనిస్తే పట్టుకుంటుంది గానీ రంగు వేలికి రాదు అన్న స్థితి వస్తుంది. తెల్ల పోతకి అదే సమయం. అప్పుడు రెండు పొరలూ ఒకదానితో ఒకటి రసాయనికంగా కలిసిపోతాయి. ఆ సమయం దాటి మర్నాడైతే కడిగి, 220తో రుద్ది పోయాలి.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. హార్డ్‌నర్ ఒంటికి పదే పదే తగిలితే అలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఆ తర్వాత వాసన తగిలినా దద్దుర్లొచ్చే స్థితికి వెళ్ళవచ్చు. చర్మానికి అంటితే సబ్బునీళ్ళతో కడగాలి. థిన్నర్‌తో తుడిస్తే అది హార్డ్‌నర్‌ని చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకెళ్తుంది. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి.

తెల్ల పోత

1500 మిల్లీలీటర్ల రెసిన్, 750 హార్డ్‌నర్. రెండు డబ్బాల పద్ధతిలో కలిపాక, తెలుపు వేయకముందే 200 మిల్లీలీటర్లు తీసి నాలుగు చిన్న గిన్నెల్లోకి 50 చొప్పున పంచండి. చారల రంగులు ఇవే. మిగిలిన దాంట్లో 90 గ్రాముల తెల్ల పేస్టు వేసి కలిపి వెంటనే టేబుల్ మీద వంకరటింకర తీగలా పోసేయండి. రెండు లీటర్ల రెసిన్ డబ్బాలో ఉంటే దాని వేడి దానికే అంటుకుని ఇంకా వేడెక్కుతుంది, ఎండాకాలంలో పదిహేను నిమిషాల్లోపే పొగలు కక్కి రాయి అవుతుంది. అదే పల్చగా పరిస్తే వేడి గాలిలోకి పోయి, ముప్పావు గంట పని చేసుకోనిస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో ఈ సమయాలన్నీ సగానికి పడిపోతాయి, ఏసీ లేకపోతే ఆ నెల వదిలేయడం మేలు. మిగిలిపోయినదాన్ని చెత్తబుట్టలో వేయకండి, బయట ఇసుక మీద పల్చగా ఒంపేయండి.

3 మి.మీ. పళ్ళున్న తాపీతో సమంగా లాగి, అంచుల మీదుగా కొంచెం కిందికి తోసి, గ్లౌజ్ వేలితో అంచుకి పులమండి. అయిదు నిమిషాలు ఆగి చిన్న బ్యుటేన్ టార్చ్‌ని ఒక జానెడు ఎత్తులో, ఎక్కడా ఆపకుండా ఇస్త్రీ చేసినట్టు ఒకసారి తిప్పండి, బుడగలు పగులుతాయి. ఒకే చోట రెండు సెకన్లు నిలిపినా తెలుపు పసుపుపచ్చగా మారుతుంది. హెయిర్ డ్రయర్ వద్దు, దాని గాలికి దుమ్ము వస్తుందే గానీ బుడగ పగిలేంత వేడి రాదు. హీట్ గన్ చారలు వేయకముందు పర్వాలేదు, వేశాక దాని గాలి చారల్ని తోసేస్తుంది.

చారలు

మీ చారలు పాకిపోవడానికి కారణం రంగు కాదు, చెయ్యి కాదు, పాకం. పోసిన వెంటనే రెసిన్ లేత పాకంలా ఉంటుంది. అప్పుడు గీసిన సన్న గీత పది నిమిషాల్లో అంగుళం వెడల్పు మబ్బుగా మారిపోతుంది. ఆలస్యంగా గీస్తే గీత అలాగే నిలుస్తుంది. మరీ ఆలస్యమైతే పుల్ల లాగిన గాడి కూడా పూడదు. అరిసెలకీ లడ్డూలకీ పాకం చూసినట్టే దీనికీ చూడాలి. టేబుల్ మూలలో టూత్‌పిక్ ముంచి పైకి ఎత్తండి. వెంటనే తెగి చుక్కగా పడితే లేత. ఒకటి రెండు సెంటీమీటర్లు తీగలా సాగి తెగితే, గుచ్చిన గుర్తు అయిదారు సెకన్లలో పూడితే, అదే మీకు కావలసిన సమయం. గుర్తు పూడకపోతే అయిపోయినట్టే, చెయ్యి తీసేయండి. 26 డిగ్రీల్లో, కలిపాక 40 నిమిషాలు పని చేసుకోనిచ్చే రెసిన్‌కి ఈ తీగపాకం పోసిన పదిహేను ఇరవై నిమిషాలకి వస్తుంది. మీ రెసిన్‌కి ఎప్పుడొస్తుందో నమూనా ముక్క మీద గడియారం పెట్టుకుని రాసుకోండి. 200 మిల్లీలీటర్లు ఖర్చయ్యేది అందుకే.

అసలైన మార్బుల్‌లో రెండు రకాల గీతలు కలిసి ఉంటాయి, అందుకే రెండు పాకాలూ మనకు కావాలి. సున్నపురాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారితే మార్బుల్. దానిలో ఇరుక్కున్న బంకమట్టి, ఇనుము లాంటి మలినాలే ఆ బూడిద, బంగారు చారలు. కొన్ని మలినాలు రాయిలోకి మబ్బులా చెదిరి ఉంటాయి, కొన్ని సన్నటి పగుళ్ళలో నిండి కత్తిగాటులా ఉంటాయి. ఇటలీ కరారా రాయిలో మబ్బు ఎక్కువ, గీత తక్కువ. కలకట్టా అనే రకంలో తెలుపు ఎక్కువ, చారలు లావు, కొంచెం బంగారు ఛాయ. మన రాజస్థాన్ మక్రానా తెల్లరాయిలోనూ బూడిద చారలుంటాయి. ఒక రకాన్ని ఎంచుకుని, దాని పలక ఫొటోని టేబుల్ సైజుకి దగ్గరగా ప్రింట్ తీసి కళ్ళముందు పెట్టుకోండి. జ్ఞాపకం నుంచి గీస్తే అందరి చెయ్యీ మెరుపుతీగలే గీస్తుంది.

నాలుగు గిన్నెల్లో మొదటిది చాలా పల్చటి బూడిద: తెలుపు అర గ్రాము, నలుపు టూత్‌పిక్ కొనకు అంటినంత, వెనక వేలు కనిపించేంత పారదర్శకంగా. రెండోది అదే కానీ నలుపు ఎక్కువ, మొత్తం ఒక గ్రాము. మూడోదానిలో ఆ బూడిదకి గోధుమ రంగు చుక్క. నాలుగోది ఉత్త తెలుపు. నలుపుని ఎక్కడా ఒంటరిగా వాడకండి, తెల్ల టేబుల్ మీద తారు ఒలికినట్టు ఉంటుంది. గిన్నెలు వెడల్పువి, లోతు తక్కువవి అయితే వాటిలో రెసిన్ తొందరగా బిగుసుకోదు.

టార్చ్ తిప్పిన వెంటనే, లేత పాకంలో ఉండగా, మొదటి గిన్నె రంగుతో రెండే రెండు పెద్ద చారలు, ఒక మూల నుంచి ఏటవాలుగా. చెయ్యి కొంచెం వణకనివ్వండి, సాఫీ గీత రాయిలో ఉండదు. వాటిమీద శుభ్రం చేసి ఆరబెట్టిన కోడి ఈకని బరువు పెట్టకుండా చార వెంటే లాగండి. ఇవి రెండు మూడు అంగుళాల మబ్బు అవుతాయి, కావాలనే. ఇప్పుడు చేతులు కట్టుకుని తీగపాకం దాకా ఆగాలి.

తీగ రాగానే రెండో గిన్నె. సన్నటి పుల్లతో, మబ్బుకి మధ్యలో కాదు, ఒక పక్క అంచు వెంట గీయండి. రాయిలో చార ఒకవైపు తెగ్గోసినట్టుండి, రెండో వైపు తెలుపులోకి కరిగిపోతుంది. చూసినవాళ్ళకి తేడా ఏమిటో తెలియదు గానీ, మధ్యలో గీసింది బొమ్మలా, అంచున గీసింది రాయిలా కనిపిస్తుంది. గీత వెడల్పు ఒక మి.మీ. నుంచి ఆరేడు దాకా మారుతూ ఉండాలి, కొన్నిచోట్ల పూర్తిగా తెగిపోయి రెండంగుళాల తర్వాత మళ్ళీ మొదలవ్వాలి. పెద్ద చార నుంచి చిన్నవి చెట్టుకొమ్మలా చీలాలి, అన్నీ దాదాపు ఒకే వాలులో. ఒకదాన్నొకటి అడ్డంగా కోసే గుణకారం గుర్తులు వద్దు. మూడో గిన్నె రంగు పెద్ద చారల మీద అక్కడక్కడ చుక్క పెట్టి లాగితే చాలు. చివరికి నాలుగో గిన్నెలోని తెలుపుతో చారల్ని రెండు మూడు చోట్ల అడ్డంగా సన్నగా కోయండి, ముదురు గీత తెలుపు వెనక్కి పోయినట్టయి లోతు వస్తుంది.

అంచుని మర్చిపోకండి. పైన చార అంచు దగ్గరికొచ్చి ఆగిపోతే అది పెయింటని వెంటనే తెలిసిపోతుంది. పలకలో చార మందం గుండా దిగుతుంది. కాబట్టి అంచుకి చేరిన ప్రతి చారనీ అదే రంగుతో అంచు మీదుగా కిందిదాకా లాగండి. అంచు మీద రెసిన్ జారుతూ ఉంటుంది కాబట్టి ఈ పని చిట్టచివర్లో, ముదురు పాకంలో.

చార అంచులు ఇంకా సహజంగా చెదరాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని స్ప్రే బాటిల్‌తో ఒక అడుగు పైనుంచి, చార మీద ఒక్క తుంపర. సన్నటి జాలీలా విచ్చుకుంటుంది. రెండోసారి కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి, నాణేల్లాంటి గుండ్రటి మచ్చలు పడి ఇక పోవు. ముఖ్యమైన విషయం: ఆల్కహాల్ తీసే ముందు టార్చ్ ఆర్పి గది బయట పెట్టాలి, ఆ తర్వాత ఆ పూటకి నిప్పు లేదు. ఏసీ గదిలో ఆ ఆవిరి నేల దగ్గర నిలుస్తుంది, అంటుకుంటే టేబుల్ అంతా ఒక్కసారిగా మండుతుంది. స్ప్రే అవగానే తలుపు కొంచెంసేపు తీయండి.

10 చదరపు అడుగుల్లో రెండు పెద్ద చారలు, ఐదారు కొమ్మలు, కొన్ని వెంట్రుకవాసి గీతలు. టేబుల్‌లో మూడింట రెండు వంతులు తెల్లగానే మిగలాలి. ఖాళీగా ఉందనిపించిన దగ్గర ఇంకో చార వేయడంతోనే ఎక్కువ టేబుళ్ళు పాడవుతాయి.

పైన ఎనిమిది గంటలు పాలిథిన్ గుడారం కట్టి, గదిలో లైటు ఆపేయండి. వాన పడ్డ సాయంత్రం దీపానికి ఉసిళ్ళు ఒక్కసారిగా వస్తాయి, తెల్ల రెసిన్‌లో పడ్డ రెక్కని తీయబోతే చార చెదురుతుంది. పడితే తీయకండి. గట్టిపడ్డాక బ్లేడుతో తీస్తే ఆ గుంటని పైపోత నింపుతుంది.

పారదర్శక పోత, ఆ తర్వాత

కోస్తాలో దీన్ని అదే రోజు పోయకుండా మర్నాడు పోయడం మంచిది. ముందు గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి తుడవండి. ఆ తెల్ల మైనం నీళ్ళకి కరుగుతుంది, కడగకుండా ఎమరీ పట్టిస్తే గీతల్లో దాక్కుని పైపొరని లేపుతుంది. తర్వాత 220తో రుద్దండి. అంతా తెల్లగా గీతలు పడి పాడైపోయినట్టు కనిపిస్తుంది, పైపోత తగలగానే అన్నీ మాయమవుతాయి. మళ్ళీ 1500, 750 మిల్లీలీటర్లు, అదే పద్ధతి, ఈసారి రంగు లేదు, బుడగలు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి కాబట్టి టార్చ్ పది నిమిషాల తేడాతో రెండుసార్లు. అయిదారు గంటల తర్వాత అంచు కింద వేలాడే చుక్కలు గట్టి జున్నులా ఉంటాయి, అప్పుడే పుట్టీ బ్లేడుతో కోసేస్తే తర్వాత గ్రైండర్ అవసరం రాదు.

అద్దంలాంటి మెరుపే ప్లాస్టిక్‌లా కనిపించడానికి మొదటి కారణం. వారం తర్వాత 800, 1500 నీటి ఎమరీతో తడిపి రుద్దితే పాలిష్ తగ్గించిన రాయిలా మెత్తటి కాంతి వస్తుంది. దానిపైన శాటిన్ రకం రెండు భాగాల పీయూ (పాలీయూరిథేన్) క్లియర్ ఒక పల్చటి పూత కొడితే గీతలకీ ఎండకీ తట్టుకుంటుంది. ఎపాక్సీ అతినీల కిరణాలకి పచ్చబడుతుంది, తెలుపులో అది ముందుగా తెలుస్తుంది. టేబుల్ మీద రోజూ ఎండ పడే కిటికీ ఉంటే చోటు మార్చండి, పీయూ ఆలస్యం చేస్తుందే గానీ పూర్తిగా ఆపదు.

ఒక రోజు ముట్టుకోవద్దు, మూడు రోజులకి తేలికపాటి వస్తువులు, ఏడు రోజులకి కంచాలు. గది ఉష్ణోగ్రతలో గట్టిపడ్డ మామూలు కోటింగ్ ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కుక్కర్ సంగతి సరే, స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ పెట్టినా ఉంగరం ముద్ర పడవచ్చు. అన్నం గిన్నెకి చుట్టకుదురు, గ్లాసులకి మందపాటి కోస్టర్లు ఇంట్లో అలవాటు కావాలి. పసుపు ఉన్న పప్పుచారు ఒలికితే వెంటనే తుడవండి. అయితే నిమ్మరసం, చింతపండు పులుసు దీన్ని ఏమీ చేయవు, నిజమైన మార్బుల్‌ని మాత్రం తింటాయి, అక్కడ మొద్దు మచ్చలు మిగులుతాయి. ఈ ఒక్క విషయంలో మీ టేబుల్ అసలు రాయికంటే మేలు.

పొయ్యి ఉన్న వంటగట్టుకి, దీపం కుందులు పెట్టే పూజగది మెట్లకి ఇదే పద్ధతి చేయొచ్చా అని కూడా అడిగారు. వద్దు. అక్కడ గ్రానైట్ వేయించండి, మన దగ్గర అది దొరకని ఊరు లేదు.

చారల ధైర్యం ఇంకా రాకపోతే మొదట చిన్న టీపాయ్ మీద చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలా చేయండి. నలుపు 3%, పోసిన పది నిమిషాలకి రాగి బంగారు మైకా పొడిని టీ వడపోత జల్లెడలోంచి చిటికెడు చిటికెడుగా, అడుగున్నర ఎత్తు నుంచి. అసలు రాయిలో ఆ మెరుపులు బ్రాంజైట్ రేణువులు, అక్కడక్కడే ఉంటాయి, కాబట్టి పొడి మొత్తం పావు చెంచా దాటకూడదు. పాకం చూడటం, టార్చ్ తిప్పడం, అంచు కోయడం అన్నీ అందులో అలవాటవుతాయి, చారలు మాత్రం ఉండవు.

మీ పాత నమూనా ముక్కని మాత్రం బాగుచేయాలని చూడకండి. మెత్తగా ఉన్నదాని మీద కొత్త రెసిన్ పోసినా కింది పొర గట్టిపడదు. టేబుల్ మీద ఎక్కడైనా చిన్న చోట అలా అయితే, ఆ జిగటని బ్లేడుతో గట్టి పొర దాకా గీకేసి, ఆల్కహాల్‌తో తుడిచి, చుట్టూ 120తో రుద్ది, సరిగ్గా కొలిచిన రెసిన్‌తో నింపండి.